పెళ్లి వీడియోలోంచి మంచి ఫొటో, చిన్న క్లిప్: ఇంట్లో కంప్యూటర్ మీద తీసే పద్ధతి

మన ఇళ్లలో పెద్దవాళ్లకు విడిగా తీయించిన ఫొటోలు తక్కువ. ఆధార్ కార్డు మీదిదో, ఏదో దరఖాస్తు కోసం స్టూడియోలో బిగుసుకుని కూర్చుని తీయించుకున్నదో ఒకటి ఉంటుంది. అదే అవ్వ మనవరాలి పెళ్లి వీడియోలో, పందిట్లో పక్కావిడ చెవిలో ఏదో చెప్పి పకపకా నవ్వుతుంటుంది. ఆ నవ్వు ఇంకే ఫొటోలోనూ లేదు. తీరా ఆమె పోయాక, పదకొండో రోజుకు ఫ్రేమ్ కట్టించాలని ఎవరో టీవీ ముందు ఫోన్ పెట్టి గబగబా ఒకటి నొక్కుతారు. అందులో మొహం కన్నా ట్యూబ్‌లైటు వెలుగే ఎక్కువ కనిపిస్తుంది. అదే పని మనిషి ఉండగానే, తీరిగ్గా, సరిగ్గా చేసుకోవచ్చు. పైసా ఖర్చులేని సాఫ్ట్‌వేర్లు చాలు.

బెంగళూరులో ఉండే తెలుగువాళ్ల మీద ఈ పని ఎప్పుడో ఒకప్పుడు పడక తప్పదు. పెళ్లి జరిగింది మదనపల్లెలోనో హిందూపురంలోనో, కంప్యూటర్ ఉన్నది మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో. "నీ దగ్గర కంప్యూటర్ ఉంది కదా, ఆ సీడీలోంచి మామయ్య ఫొటో ఒకటి తీసిపెట్టు" అని ఊరి నుంచి ఫోన్ వస్తుంది. పండగకు వెళ్లి వచ్చేటప్పుడు బ్యాగులో నాలుగు సీడీలు కూడా వస్తాయి.

నేను చెప్పే పద్ధతంతా ఒక్క మాట మీద నడుస్తుంది. వీడియో ఫైల్‌లో బొమ్మను కట్టే ప్రతి చుక్కా (పిక్సెల్) మన చేతికి రావాలి, దారిలో ఏదీ పోకూడదు. పాత వీడియోల్లో చుక్కలే తక్కువ. ఉన్నవి కూడా పోగొట్టుకుంటే మొహం మిగలదు.

మొదటి పని: వీడియోని కంప్యూటర్‌లోకి తెచ్చుకోండి

సీడీ గానీ డీవీడీ గానీ డ్రైవ్‌లో తిరుగుతుండగా అందులోంచే ఫొటోలు తీయాలని చూడకండి. ముందు ఫైళ్లన్నీ హార్డ్‌డిస్కులోకి కాపీ చేయండి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో డిస్క్ డ్రైవ్ ఉండదు కాబట్టి యూఎస్‌బీతో తగిలించే డీవీడీ డ్రైవ్ ఒకటి కావాలి. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. చేత్తో చూసి కొనాలంటే బెంగళూరులో ఎస్పీ రోడ్డుకు వెళ్లండి. వైట్‌ఫీల్డ్ వైపు నుంచైతే మెట్రో పర్పుల్ లైన్‌లో మెజెస్టిక్ దాకా వచ్చి, అక్కడ గ్రీన్ లైన్‌కు మారి, కేఆర్ మార్కెట్ స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్లొచ్చు. చెన్నైలో ఉన్నవాళ్లకు ఇలాంటి సామాను రిచీ స్ట్రీట్‌లో దొరుకుతుంది. కొనేటప్పుడు మీ సీడీ ఒకటి వెంట తీసుకెళ్లి, అక్కడే చదివిస్తుందో లేదో చూసుకోండి.

వీసీడీ అయితే లోపల ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో డాట్ (డి, ఏ, టి అక్షరాలు) అనే తోకతో ఉన్న పెద్ద ఫైలే మీ వీడియో. డీవీడీ అయితే వీడియో టీఎస్ ఫోల్డర్‌లో వీఓబీ ఫైళ్లు ఉంటాయి. ఒక్కోటి 1 జీబీకి మించదు కాబట్టి పెళ్లి మొత్తం నాలుగైదు ఫైళ్లుగా విడిపోయి ఉంటుంది. ఆ ఫోల్డర్‌ని ఉన్నదున్నట్టుగా, ఫైళ్ల పేర్లు మార్చకుండా కాపీ చేయండి.

కాపీ మధ్యలో ఆగిపోతే డిస్క్ మీద గీతలో, దుమ్మో ఉన్నట్టు. మెత్తని పొడి గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు నిలువుగా తుడవండి. గుండ్రంగా తిప్పుతూ తుడిస్తే పడే గీత ట్రాక్ వెంబడే పడుతుంది, అది ఇంకా ప్రమాదం. అప్పటికీ రాకపోతే ఇంకో కంప్యూటర్‌లో ఇంకో డ్రైవ్‌తో ప్రయత్నించండి. ఒక డ్రైవ్ చదవలేని డిస్కును మరొకటి చదివిన సందర్భాలు చాలా ఉంటాయి.

వీహెచ్ఎస్ క్యాసెట్లు ఉన్నవాళ్లు ఆలస్యం చేయకండి. వీసీఆర్‌లు తయారు చేస్తున్న చివరి కంపెనీ, జపాన్‌కు చెందిన ఫునాయ్, 2016 జులైలో ఆ పని ఆపేసింది. ఇప్పుడు నడుస్తున్నవన్నీ పాతవే, రిపేరు తెలిసినవాళ్లూ తగ్గిపోతున్నారు. టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే దాన్ని ప్లేయర్‌లో పెట్టకండి, టేపూ పోతుంది, ప్లేయర్ హెడ్డూ పాడవుతుంది. షాపుకు ఇచ్చి కంప్యూటర్‌లోకి ఎక్కించుకునేటట్లయితే డీవీడీ వద్దని చెప్పి, పెన్‌డ్రైవ్‌లో పెద్ద సైజు ఫైల్‌గా అడగండి. 720×576 పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) సైజులో ఉండాలని చెప్పండి. క్యాసెట్ తిరిగి తెచ్చుకోవడం మరచిపోవద్దు. మినీడీవీ టేపులైతే క్యామ్‌కార్డర్ నుంచి ఫైర్‌వైర్ కేబుల్‌తోనే ఎక్కించాలి. గంట టేపు 13 జీబీ దాకా అవుతుంది, భయపడి చిన్నది చేయించకండి.

ఫైళ్లు వచ్చాక రెండు చోట్ల పెట్టండి: కంప్యూటర్‌లో ఒకటి, బయటి హార్డ్‌డిస్కులో ఒకటి. ఆ ఫోల్డర్‌కి 'అసలు' అని పేరు పెట్టి, మౌస్ రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో రీడ్ ఓన్లీ అని టిక్ పెట్టండి. ఇక కోతలన్నీ వేరే ఫోల్డర్‌లోనే.

రెండో పని: మీ చేతిలో ఎన్ని చుక్కలున్నాయో చూసుకోండి

వీఎల్‌సీ ప్లేయర్‌ని వీడియోల్యాన్ వాళ్ల సొంత సైట్ నుంచే దించుకోండి. ప్యారిస్ శివారులోని ఒక ఇంజినీరింగ్ కాలేజీలో విద్యార్థుల ప్రాజెక్టుగా 1996లో మొదలైంది, ఇప్పటికీ పూర్తిగా ఉచితం. డాట్, వీఓబీ, ఎంపీ4, ఏది ఇచ్చినా తెరుస్తుంది.

వీడియో తెరిచి కంట్రోల్, జే కలిపి నొక్కండి. కోడెక్ వివరాలు వస్తాయి. అందులో వీడియో రిజల్యూషన్ అనే అంకె చూడండి. మన దేశంలో తీసిన వీసీడీ అయితే 352×288, డీవీడీ అయితే 720×576 కనిపిస్తుంది. ఫోన్‌లో తీసినవైతే 1920×1080 గానీ, 4కే అయితే 3840×2160 గానీ ఉంటుంది.

ఈ అంకె తెలిస్తే ఆశ ఎంత పెట్టుకోవాలో తెలుస్తుంది. మంచి ప్రింటుకు అంగుళానికి 300 చుక్కలు కావాలంటారు. ఆ లెక్కన 4కే వీడియోలోని ఒక ఫ్రేమ్ (కదిలే వీడియోలోని ఒక్క బొమ్మ) 12 అంగుళాల వెడల్పు దాకా నిలుస్తుంది. ఫుల్ హెచ్‌డీ ఫ్రేమ్ 6 అంగుళాలకు సరిపోతుంది. డీవీడీ ఫ్రేమ్‌ని 4×6 సైజులో వేస్తే అంగుళానికి సుమారు 128 చుక్కలే వస్తాయి, ఆల్బమ్‌లో పెట్టుకుని చూసుకోవడానికి బాగానే ఉంటుంది, గోడకు పెద్ద ఫ్రేమ్ కట్టిస్తే మాత్రం మసకబారుతుంది. వీసీడీ నుంచి వచ్చేది పర్సులో పెట్టుకునే సైజు దాకా ఫరవాలేదు.

అందుకే ఇంట్లో అదే పెళ్లి వీసీడీగానూ, క్యాసెట్‌గానూ ఉంటే క్యాసెట్‌నే నమ్మండి. అప్పట్లో చాలా ఊళ్లలో క్యాసెట్ నుంచే వీసీడీ చేసి ఇచ్చేవాళ్లు. వీసీడీలో సగానికి సగం వివరం పోయి ఉంటుంది.

మూడో పని: సరైన ఫ్రేమ్ వెతకండి

అన్నింటికన్నా ఓపిక కావలసింది ఇక్కడే. మన పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు. మూడు గంటల పెళ్లి వీడియోలో 2,70,000 ఫ్రేములు ఉంటాయి. అందులో మీకు కావలసింది ఒకటి.

వీఎల్‌సీలో కీబోర్డుతో కదలండి, మౌస్‌తో లాగితే నిమిషాలు దాటిపోతాయి. కంట్రోల్ పట్టుకుని కుడి బాణం నొక్కితే నిమిషం ముందుకు, ఆల్ట్ పట్టుకుంటే 10 సెకన్లు, షిఫ్ట్ పట్టుకుంటే 3 సెకన్లు. కావలసిన చోటు దగ్గర పడ్డాక స్పేస్ కీతో ఆపి, ఇంగ్లిష్ 'ఈ' అక్షరం ఉన్న కీని ఒక్కోసారి నొక్కుతూ వెళ్లండి. ఒక్కో నొక్కుకు ఒక్కో ఫ్రేమ్ ముందుకు జరుగుతుంది. దాటిపోతే షిఫ్ట్, ఎడమ బాణంతో వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెట్టండి.

ఎక్కడ వెతకాలో తెలిస్తే సగం పని అయినట్టే. స్టేజీ మీద ఫొటోలు దిగే భాగం చాలామంది విసుగని దాటేస్తారు. నిజానికి అదే బంగారం. స్టిల్ ఫొటోగ్రాఫర్ "రెడీ" అనగానే అందరూ రెండు మూడు సెకన్లు కదలకుండా నిలబడతారు, మన వీడియో కెమెరా కూడా అప్పుడు స్టాండు మీద స్థిరంగా ఉంటుంది. చేతులు, తలలు కదలవు కాబట్టి ఫ్రేమ్ స్పష్టంగా వస్తుంది. ఫొటో ఫ్లాష్ పడిన ఆ ఒక్క ఫ్రేమ్ మాత్రం తెల్లగా పేలిపోయి ఉంటుంది, దానికి ముందువో తర్వాతవో చూడండి.

సహజమైన నవ్వు కావాలంటే పందిట్లో, భోజనాల దగ్గర వెతకాలి. కెమెరా వరసగా అందరి మీదుగా తిరుగుతుంటే మొహాలు సాగిపోయినట్టు వస్తాయి. కెమెరా తిరిగి తిరిగి ఎక్కడో ఆగుతుంది కదా, ఆ ఆగిన చోట చూడండి. ఇంకో సంగతి వీడియో లైటు. హాలోజన్ లైటు మొహం మీద పడగానే ఎవరైనా కళ్లు చికిలిస్తారు. మొదటి సెకను వదిలేసి, కళ్లు అలవాటు పడ్డాక ఉన్న ఫ్రేములు చూడండి. లైటు పక్కవాళ్ల మీదికి జరిగిపోతున్నప్పుడు కూడా మంచి ఫ్రేములు దొరుకుతాయి, వెలుగు మెత్తగా పక్క నుంచి పడుతుంది, మనిషి తనను ఎవరూ తీయడం లేదనుకుని హాయిగా ఉంటాడు.

మిక్సింగ్‌లో పువ్వులు, హృదయాకారాలు, తిరిగే చతురస్రాలు పెట్టిన చోట ఏమీ చేయలేం. అదే దృశ్యం టైటిల్స్ లేకుండా ముందో వెనకో మళ్లీ వస్తుందేమో చూడండి, తరచుగా వస్తుంది.

ఫ్రేమ్‌ల నాణ్యత అన్నింటికీ ఒకేలా ఉండదని తెలుసుకోవాలి. జాగా మిగల్చడానికి డీవీడీలో ప్రతి ఫ్రేమ్‌నీ పూర్తి బొమ్మగా దాచరు. సుమారు అర సెకనుకు ఒక పూర్తి బొమ్మ పెడతారు, మధ్యలో ఉన్నవాటికి పక్క ఫ్రేములతో తేడా ఎంతో అది మాత్రమే రాసుకుంటారు. ఆ పూర్తి బొమ్మను కీఫ్రేమ్ అంటారు. మొహం మీద గళ్లు గళ్లుగా చెదిరినట్టు కనిపిస్తే పక్కనున్న కీఫ్రేమ్‌కు వెళ్లి చూడండి, చాలాసార్లు అదే శుభ్రంగా ఉంటుంది. దీనికి ఆవిడెమక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ బాగా పనికొస్తుంది. అందులో పై బాణం నొక్కితే తర్వాతి కీఫ్రేమ్‌కు, కింది బాణం నొక్కితే వెనకటి కీఫ్రేమ్‌కు దూకుతుంది. కుడి ఎడమ బాణాలు ఒక్కో ఫ్రేమ్ జరుపుతాయి. ఒక్కో ఫ్రేమ్ వెనక్కి వెళ్లడం కూడా ఇందులో తేలిక.

నాలుగో పని: ఫొటో తీయండి

తీసే ముందు వీఎల్‌సీలో ఒక చిన్న ఏర్పాటు. టూల్స్ మెనూలో ప్రిఫరెన్సెస్ తెరిచి వీడియో విభాగంలోకి వెళ్లండి. కింద వీడియో స్నాప్‌షాట్స్ అని ఉంటుంది. ఫొటోలు చేరాల్సిన ఫోల్డర్ అక్కడ ఎంచుకోండి. ఫార్మాట్ పీఎన్‌జీగా ఉందో లేదో చూడండి. జేపెగ్ పెడితే తీసేటప్పుడే మళ్లీ కొంత వివరం పోతుంది.

ఇప్పుడు ఫ్రేమ్ దగ్గర ఆపి షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కండి. మ్యాక్‌లో అయితే కమాండ్, ఆప్షన్, ఎస్. బొమ్మ మూలలో చిన్నగా మెరిసి ఫైల్ దాచుకుంటుంది. నచ్చిన ఫ్రేమ్‌తో పాటు దాని ముందువీ, తర్వాతవీ నాలుగైదు కూడా తీసిపెట్టుకోండి. కన్ను సగం మూసుకుందా, పూర్తిగా తెరిచి ఉందా అన్నది పెద్దది చేసి చూస్తే గానీ తెలియదు. ఆ అదనపు ఫ్రేములు ఇంకో పనికీ వస్తాయి, కింద చెబుతాను.

విండోస్‌లో స్క్రీన్‌షాట్ తీసే పద్ధతి అందరికీ తెలుసు. ఇక్కడ అది వాడకండి. స్క్రీన్‌షాట్ తీసేది మీ తెర మీద కనిపిస్తున్నదాన్ని. వీడియో కిటికీ చిన్నగా ఉంటే బొమ్మ కుదించుకుపోతుంది, ఫుల్ స్క్రీన్‌లో ఉంటే సాగదీసి వస్తుంది. 4కే వీడియోని మామూలు ల్యాప్‌టాప్ తెర మీద చూస్తూ స్క్రీన్‌షాట్ తీస్తే నాలుగింట మూడు వంతుల చుక్కలు పోయినట్టే. స్నాప్‌షాట్ అయితే తెరతో సంబంధం లేకుండా ఫైల్‌లో ఉన్న సైజులోనే వస్తుంది.

పాత వీడియోల్లో కదిలే మనిషి అంచుల మీద దువ్వెన పళ్లలా అడ్డగీతలు కనిపిస్తాయి. అది మీ కంప్యూటర్ లోపం అనుకోకండి. ఆ రోజుల టీవీల కోసం ఒక్కో ఫ్రేమ్‌ని రెండు సగాలుగా తీసేవాళ్లు. బేసి వరసలు ఒక క్షణంలో, సరి వరసలు సెకనులో యాభయ్యో వంతు తర్వాత. ఈలోపు చెయ్యి కదిలితే రెండు సగాలూ ఒకదానికొకటి అతకవు. వీఎల్‌సీలో వీడియో మెనూలో డీఇంటర్లేస్ అని ఉంటుంది. దాన్ని ఆన్ చేసి, కిందనున్న డీఇంటర్లేస్ మోడ్‌లో యాడిఫ్ ఎంచుకుని, మళ్లీ స్నాప్‌షాట్ తీయండి. గీతలు ఇంకా పోకపోతే ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్ కోడెక్స్ విభాగంలో హార్డ్‌వేర్ యాక్సిలరేటెడ్ డీకోడింగ్‌ని డిజేబుల్ చేసి చూడండి. మనిషి కదలకుండా ఉన్న ఫ్రేమ్‌లో ఈ గీతలు అసలుండవు. స్టేజీ మీది ఫొటోల భాగం బంగారం అన్నది ఇందుకు కూడా.

తీసిన బొమ్మలో అందరూ కాస్త లావుగానో సన్నగానో కనిపిస్తే భయపడనక్కర్లేదు. డీవీడీలో చుక్కలు సరిగ్గా చతురస్రంగా ఉండవు. జింప్‌లో గానీ ఇంకే ఫొటో ఎడిటర్‌లో గానీ సైజు మార్చండి. పాత టీవీ ఆకారం వీడియోకు 768×576, వెడల్పాటి టీవీ ఆకారానికి 1024×576. మొహం అసలు ఆకారానికి వస్తుంది.

మ్యాక్ ఉన్నవాళ్లకు మరో దారి ఉంది. క్విక్‌టైమ్‌లో ఫ్రేమ్ దగ్గర ఆపి, ఎడిట్ మెనూలో కాపీ నొక్కి, ప్రివ్యూ తెరిచి ఫైల్ మెనూలో న్యూ ఫ్రమ్ క్లిప్‌బోర్డ్ అంటే ఆ ఫ్రేమ్ వచ్చేస్తుంది. ఫోన్ వీడియోలకు ఇది చక్కగా సరిపోతుంది.

మొహం తేటపడాలంటే

వీహెచ్ఎస్ నుంచి వచ్చిన వీడియోలో మొహం మీద ఇసుక చల్లినట్టు గింజలు గింజలుగా ఉంటుంది. ఆ గింజలు ప్రతి ఫ్రేమ్‌లోనూ వేరే చోట పడతాయి, మొహం మాత్రం అక్కడే ఉంటుంది. కాబట్టి కదలని మనిషివి వరస ఫ్రేములు కొన్ని కలిపి సగటు తీస్తే గింజలు తగ్గి మొహం తేలుతుంది. నాలుగు ఫ్రేములు కలిపితే గింజలు సగానికి, తొమ్మిది కలిపితే మూడో వంతుకు తగ్గుతాయి.

జింప్ ఉచితమే. ఫైల్ మెనూలో ఓపెన్ యాజ్ లేయర్స్ నొక్కి నాలుగు స్నాప్‌షాట్లూ ఒకేసారి ఎంచుకోండి. అన్నింటికన్నా కిందనున్న లేయర్ (పొర) ఒపాసిటీ, అంటే ఎంత చిక్కగా కనిపించాలన్న అంకె, 100గా ఉంచి, దాని పైదానికి 50, ఆపైదానికి 33, అన్నింటికన్నా పైదానికి 25 పెట్టండి. ఏ లేయర్ అయినా ఒక చుక్క పక్కకు జరిగి ఉంటే మూవ్ టూల్‌తో సరిగ్గా కళ్ల మీద కళ్లు పడేలా జరపండి. తేడా చూసి మీకే ఆశ్చర్యం వేస్తుంది. ఇలా ఏ షాపులోనూ చేసివ్వరు, ఇంట్లో ఓపికగా కూర్చున్నవాళ్లకే సాధ్యం. తల కదులుతున్న చోట మాత్రం ఇది చేయొద్దు, ఇద్దరు మనుషులు ఒకటైనట్టు వస్తుంది.

తర్వాత కలర్స్ మెనూలో లెవెల్స్ తెరిచి నలుపు, తెలుపు చివరలను కొద్దిగా లోపలికి జరిపితే మసక పోతుంది. హాలోజన్ లైటు పసుపు ఎక్కువగా ఉంటే కలర్ బ్యాలెన్స్‌లో కాస్త నీలం కలపండి. పంచె, చొక్కా తెల్లగా కనబడితే చాలు. షార్పెన్ ఎక్కువ చేయకండి, ముడతలు గీసినట్టు అవుతాయి.

ఫొటోని ఒక్క నొక్కుతో హెచ్‌డీ చేస్తామనే ఏఐ యాప్‌ల గురించి గట్టిగా చెప్పాలి. పెద్దవాళ్ల మొహాల మీద వాటిని వాడకండి. ఫైల్‌లో లేని వివరాన్ని ఏ యాప్ కూడా వెతికి తేలేదు, అది వేల మొహాలు చూసి నేర్చుకున్నదాన్ని బట్టి కళ్లు, పళ్లు, చర్మం కొత్తగా గీస్తుంది. బొమ్మ తళతళలాడుతుంది, కానీ అందులో ఉన్నది మన తాత కాదు. పెద్దమ్మకు చూపిస్తే "ఇదెవరు?" అంటుంది. పిల్లలకు రేపు ఆ ఫొటోయే తాతగా గుర్తుండిపోతుంది. మసకగా ఉన్నా అసలు మొహమే ఉంచండి. వెనకాల గోడ, పందిరి శుభ్రం చేసుకోవడానికైతే మీ ఇష్టం.

ఐదో పని: క్లిప్ కోయండి

మూడు గంటల వీడియో ఎవరూ చూడరు. మాంగల్యధారణ రెండు నిమిషాలు, తలంబ్రాలు రెండు నిమిషాలు, అప్పగింతలు ఒక నిమిషం విడిగా ఉంటే ఇంటిల్లిపాదీ మళ్లీ మళ్లీ చూస్తారు.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి కోస్తే అది వీడియో మొత్తాన్ని విప్పి, కోసి, మళ్లీ కుదించి కడుతుంది. కుదించిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది. విండోస్ 11తో వచ్చే క్లిప్‌చాంప్ కూడా ఇలాంటిదే. పాటలు, పేర్లు కలపాలంటే అది బాగుంటుంది. ఉన్నదున్నట్టు కోయడానికి లాస్‌లెస్‌కట్ వాడండి. ఇది వీడియోని విప్పకుండా మనం అడిగిన ముక్కను అలాగే ఎత్తి వేరే ఫైల్‌లో పెడుతుంది. అందుకే గంట వీడియోలోంచి ముక్క తీయడానికి సెకన్లే పడుతుంది. యాప్ స్టోర్లలో దీనికి డబ్బులు అడుగుతారు, గిట్‌హబ్‌లో దాన్ని తయారు చేసినవాళ్ల పేజీలో ఉచితంగానే ఉంటుంది.

ఫైల్‌ని తెచ్చి ఆ కిటికీలో వదలండి. మొదలు దగ్గర ఆపి 'ఐ' అక్షరం నొక్కండి, ముగింపు దగ్గర 'ఓ' నొక్కండి, తర్వాత ఎక్స్‌పోర్ట్ బటన్. అంతే. కామా కీ ఒక ఫ్రేమ్ వెనక్కి, ఫుల్‌స్టాప్ కీ ఒక ఫ్రేమ్ ముందుకు జరుపుతాయి. కీఫ్రేమ్ కట్ ఆన్‌లో ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

విప్పకుండా కోస్తున్నాం కాబట్టి ముక్క ఎప్పుడూ కీఫ్రేమ్ దగ్గరే మొదలవ్వాలి. మీరు గుర్తు పెట్టిన చోటుకు కొంచెం ముందు నుంచి క్లిప్ మొదలైతే కంగారు పడకండి, దగ్గర్లో ఉన్న కీఫ్రేమ్‌కు వెళ్లిందంతే. మీరే ఒకటి రెండు సెకన్లు ముందు నుంచి కోయండి. గట్టిమేళం మొదలయ్యే ముందు ఉండే ఆ చిన్న నిశ్శబ్దం, పురోహితుడు చెయ్యెత్తి సైగ చేయడం ఉంటేనే తాళి కట్టే క్షణానికి బలం. చివర కూడా అంతే. సన్నాయి మధ్యలో తెగినట్టు కోయకుండా, ఊపిరి తీసుకునే చోటు చెవితో విని అక్కడ ఆపండి.

డీవీడీ వీఓబీ ఫైళ్లకు ఆవిడెమక్స్ సుఖం. మొదటి వీఓబీ తెరవగానే, వరసలో ఉన్న మిగతావి కూడా కలపమంటారా అని అడుగుతుంది, అవునని చెప్పండి. సున్నా అంకెతో ముగిసే వీఓబీ మెనూ మాత్రమే, ఒకటితో ముగిసేదాన్ని తెరవండి. ఎడమవైపు వీడియో అవుట్‌పుట్, ఆడియో అవుట్‌పుట్ రెండూ కాపీ అనే ఉంచి, అవుట్‌పుట్ ఫార్మాట్‌లో ఎంకేవీ మక్సర్ గానీ ఎంపెగ్ పీఎస్ మక్సర్ గానీ ఎంచుకోండి. కీఫ్రేమ్ దగ్గర ఏ అనే గుర్తు, ముగింపు దగ్గర బీ అనే గుర్తు పెట్టి సేవ్ చేయండి.

వీసీడీ డాట్ ఫైళ్లు ఈ రెండింటిలోనూ మొరాయిస్తే వీఎల్‌సీలోనే పని కానివ్వండి. వ్యూ మెనూలో అడ్వాన్స్‌డ్ కంట్రోల్స్ ఆన్ చేస్తే ఎర్ర రికార్డ్ బటన్ వస్తుంది. ప్లే అవుతుండగా మొదలు దగ్గర ఒకసారి, ముగింపు దగ్గర ఇంకోసారి నొక్కండి. ముక్క మీ వీడియోస్ ఫోల్డర్‌లో చేరుతుంది.

పేరు పెట్టండి, పంపండి, ప్రింటు వేయించండి

స్నాప్‌షాట్ ఫైళ్లకు వీఎల్‌సీ పెట్టే పొడుగాటి అంకెల పేర్లు వదిలేస్తే ఆరు నెలల తర్వాత మీకే అర్థం కాదు. సంవత్సరం, ఎవరి పెళ్లి, ఫొటోలో ఎవరు, వీడియోలో ఎన్నో నిమిషం, ఈ నాలుగూ పేరులో ఉండాలి. '1998 చిన్నత్త పెళ్లి, నరసమ్మవ్వ, గంట 12 నిమిషాలు' అని ఉంటే, ఎప్పుడైనా ఇంకా మంచి ఫ్రేమ్ కావాలన్నా నేరుగా అక్కడికే వెళ్లొచ్చు. ఇంకో మేలు కూడా ఉంది. ఫొటోలో ఉన్నవాళ్ల పేర్లు తెలిసిన పెద్దవాళ్లు ఇప్పుడున్నారు. స్నాప్‌షాట్లు తీసి పంపి "ఈయనెవరు పెద్దనాన్నా?" అని ఫోన్ చేసి అడగండి. అడిగిన పేరుతో పాటు అడగని సంగతులూ నాలుగు చెబుతారు, అవి కూడా ఒక నోట్‌లో రాసిపెట్టుకోండి.

వాట్సాప్‌లో పంపేటప్పుడు గ్యాలరీ గుర్తు నొక్కితే ఫొటోనీ వీడియోనీ అది మళ్లీ కుదిస్తుంది. ఇంత కష్టపడి కాపాడిన చుక్కలు అక్కడ పోతాయి. అటాచ్ గుర్తు నొక్కి డాక్యుమెంట్‌గా పంపండి, ఉన్నదున్నట్టు వెళ్తుంది. 2 జీబీ దాకా పంపొచ్చు.

ప్రింటుకు ఇచ్చేటప్పుడు వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేయకుండా పెన్‌డ్రైవ్‌లో పీఎన్‌జీ ఫైల్ ఇవ్వండి. ఒక్క సంగతి ముందే చూసుకోవాలి. పాత వీడియో ఆకారం 4×6 కాగితం ఆకారానికి సరిపోదు. కాగితం నిండేలా వేస్తే పైనా కిందా కలిపి తొమ్మిదో వంతు తెగిపోతుంది, తెగేది తలపాగానో, అవ్వ కొప్పో అవుతుంది. మీరే జింప్‌లో 3:2 కొలతకు ఎక్కడ కత్తిరించాలో చూసి కత్తిరించుకోండి. లేదా ఫొటో పూర్తిగా పడాలి, పక్కల తెల్ల అంచు వచ్చినా పరవాలేదు అని షాపతనికి చెప్పండి. పెద్ద ఫ్రేమ్ కట్టించాలనుకుంటే ముందు ఒక 4×6 ప్రింటు తీయించి, గోడకు తగిలించి, గదిలో ఆ చివర నుంచి చూడండి. మొహం గుర్తుపట్టేలా ఉంటే 8×10 దాకా వెళ్లొచ్చు, లేకపోతే చిన్న ఫొటోనే వెడల్పాటి మౌంటు పెట్టి పెద్ద ఫ్రేమ్‌లో కట్టమనండి. ఫ్రేమ్ షాపుల్లో మౌంటు అంటే తెలుసు.